మా ఇంటి లైను

తిరువళ్ళూరులో చెవుల డాక్టరు దగ్గర ఒక చిన్న గది ఉంది. గోడలకు మందపాటి స్పాంజి అంటించి, తలుపు మూస్తే బయటి ప్రపంచమే లేదనిపించే గది. నన్ను అందులో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోను తగిలించి, అద్దం అవతల కూర్చున్న అమ్మాయి చెప్పింది: శబ్దం వినబడినప్పుడల్లా వేలెత్తాలి, వినబడకపోతే ఊరికే ఉండాలి. నేను ఎత్తుతూ పోయాను. కాసేపటికి ఆ అమ్మాయి లేచి తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. "అమ్మా, మీరు నా చెయ్యి చూసి ఎత్తతా ఉండారు. నేను బటన్ నొక్కేది చూడొద్దండి. కొంజం గోడ పక్కకి తిరిగి కూర్చోండి," అంది. గోడవైపు తిరిగాను. ఆ తర్వాత నా వేలు చాలాసేపు లేవలేదు. బయటికి వచ్చేటప్పుడు ఆ పిల్ల నవ్వుతూ, "ఈ విద్య ఎవురు నేర్పినారమ్మా మీకు?" అని అడిగింది. నేనూ నవ్వాను గానీ, ఎవరు నేర్పారో నాకు బాగా తెలుసు.

నా ఉద్యోగమంతా చెవులతోనే గడిచింది. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేరి, "లైన్లో ఉండండి" అన్న ముక్కను మూడు భాషల్లో జీవితమంతా అంటూ కూర్చున్నాను. అయినా ఇప్పటికీ లైను అన్న మాట చెవిన పడితే ఒళ్ళు కాస్త బిగుసుకుంటుంది. పడకుండా ఉంటుందా? రేషన్ కొట్టు దగ్గర లైను, తిరుత్తణి కొండమీద సామి దర్శనానికి లైను. కరెంటు పోయిందని లైన్‌మేన్‌కు ఫోను చేస్తే అతని లైను బిజీ. మా వీధి వెనక బాడుగ ఇళ్ళ వరసకు లైను ఇళ్ళని పేరు. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు పిల్లవాడు ఏ లైనులో ఉన్నాడని అడుగుతారు. పక్కింటి కుర్రవాడు ఎవరికో లైను వేస్తున్నాడని వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి కళ్ళొత్తుకుంటుంది, వాణ్ణి కాస్త లైన్లో పెట్టమంటుంది. ఒక్క ఇంగ్లీషు మాట వచ్చి ఇన్ని పనులు నెత్తిన వేసుకుంటే మన మాటలకు పనేం మిగిలిందని నా స్నేహితురాలు, రిటైరైన తెలుగు టీచరు, విసుక్కుంటుంది. నాకు విసుగు కాదు, భయం. మా ఇంట్లో ఈ మాటకు ఇంతకంటే పెద్ద పని ఉండేది.

మా ఊరు తిరుత్తణి దాటి నగరికి పోయే దోవలో ఉంది. ఇల్లు రైలు కట్టకు ఇవతల, పొలం అవతల. మా పూర్వీకుల భూమిని మధ్యకు కోసుకుంటూ రైలు పట్టాలు ఎప్పుడో వచ్చాయి, మేమంతా పుట్టకముందే. అందువల్ల మా ఇంట్లో ఏ పనికైనా కట్ట దాటాలి. పొద్దున్నే ఎద్దులు దాటాలి, సంగటి ముద్దలూ ఊరిబిండి పచ్చడీ పెట్టుకున్న గంప దాటాలి, సాయంత్రం గడ్డిమోపులు దాటాలి, శెనక్కాయలు పెరికే రోజుల్లో కూలి ఆడవాళ్ళందరూ దాటాలి. పట్టాలు మా పొలం దగ్గరే కొండను కోసి చేసిన సందులోంచి మెలిక తిరిగి వస్తాయి. రైలు కళ్ళబడేసరికి మీద పడ్డట్టే. తాత వయసులో ఉన్నప్పుడు ఆయన తమ్ముడి కాడెద్దులు రెండూ ఒకే రైలు కింద పోయాయట. ఆ రోజు నుంచి తాత ఒక కట్టుబాటు పెట్టాడు. కట్ట కింద ఆయన నిలబడి, విని, దాటమంటేనే మనిషైనా పశువైనా దాటాలి. తాత లేనప్పుడు అక్కడున్న వాళ్ళలో ఎవరు పెద్దయితే వాళ్ళ మాట. చిన్నవాళ్ళకు ఎంత బాగా వినబడినా నోరెత్తకూడదు.

తాత మెడలో ఎర్ర తుండు, నుదుట విభూతి, ముక్కుపొడి వాసన. కోపం ఎక్కువ, మాట తక్కువ. స్టేషన్లో ఎవరి దగ్గర పట్టుకొచ్చాడో గానీ, ఆయనకు తెలిసిన ఇంగ్లీషంతా రెండే మాటలు. అవతలి నుంచి మేం "లైనూ?" అని కేక పెట్టేవాళ్ళం. ఆయన తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసి విని, "కిలియర్" అనేవాడు. అప్పుడు దాటేవాళ్ళం. ఆ మాట కట్ట దగ్గర ఆగక ఇంట్లోకి వచ్చింది. నీళ్ళగది ఖాళీగా ఉందా అని అడగాలంటే "లైన్ కిలియరా?" అనేవాళ్ళం. తాత మనసు బాగుందో లేదో తెలుసుకోవాలన్నా అదే. చిన్నాయన సినిమాకు డబ్బులడిగే ముందు వంటింట్లోకి తొంగిచూసి, "వదినా, లైన్ ఎట్లుండాది?" అని మా అమ్మను అడిగేవాడు. అమ్మ సంగటి కెలుకుతూనే, "ఇప్పుడొద్దు, ఎదురు బండి ఉండాది," అనేది. పొరుగింటి ముసలామె చివరి రోజుల్లో ఉంటే, ఆమెకు లైన్ ఇచ్చేశారని అవ్వ మెల్లిగా చెప్పింది. మేం పిల్లలం అప్పుడు కూడా నవ్వాం.

తాతకు వినబడటం లేదని ఎవరు ముందు కనిపెట్టారో నాకు తెలియదు. ఒకరు కనిపెట్టి ఇంకొకరికి చెప్పిన సంగతి కాదది. ఒక్కొక్కరం విడివిడిగా తెలుసుకున్నాం, తెలుసుకుని ఊరుకున్నాం. పిలిస్తే పలికేవాడు కాడు; కోపంగా ఉన్నాడులే అనుకునేవాళ్ళం. రేడియోలో వార్తలు అయిపోయి పాటలు వస్తున్నా అంతే గంభీరంగా తలూపుతూ కూర్చునేవాడు. అయినా కట్ట కింద నిలబడటం మానలేదు. తల వంచి, కళ్ళు మూసి, "కిలియర్" అనడమూ మానలేదు. అది ఎలా సాగిందంటే అవ్వ వల్ల. మా ఇంటి ముందున్న తిన్నె మీద కూర్చుంటే కట్ట బాగా కనబడుతుంది, అవ్వ చెవులు మహా చురుకు. రైలు వస్తుంటే అవ్వ కొంగు తలమీదికి లాక్కునేది. లేకపోతే తల బోసిగా ఉండేది. తాత తుండు సర్దుకుంటున్నట్టు ఒకసారి తిన్నె వైపు తిరిగి, మళ్ళీ మా వైపు తిరిగి మాట చెప్పేవాడు. వాళ్ళిద్దరూ ఎప్పుడైనా దీన్ని గురించి మాట్లాడుకున్నారని నేననుకోను. మిగతావాళ్ళం తాత మాట కోసం ఆగినట్టే ఆగి, లోపల మా చెవులతో మేం విని దాటేవాళ్ళం. ఎద్దులు తోలే మనిషికి తెలుసు, పాలు పోసే ఆమెకు తెలుసు. ఆయన మర్యాదా దక్కుతోంది, మా ప్రాణాలూ దక్కుతున్నాయి. ఇందులో తప్పేముందని అందరం అనుకున్నాం.

అప్పుడు సరోజ చిన్నమ్మ వచ్చింది. చిన్నాయనకు వెంగల్ నుంచి చేసుకున్నారు. అక్కడ వరిపొలాలే గానీ రైలు లేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో రైలు పోతుంటే పని ఆపి పెట్టెలు లెక్కపెట్టేది. నాకంటే ఎంతో పెద్దది కాదు. నాకు జడలు వేసింది, తమిళ పత్రికల్లో కథలు చదివి తెలుగులో చెప్పింది, ఆమె పక్కన పడుకోకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. పొలం పని బాగా వచ్చు. సాయంత్రం తనకంటే పెద్ద గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వచ్చేది. పచ్చిగడ్డి భుజాల దాకా దిగి చెవులు కప్పేసేది. కట్టకు అవతల నిలబడి "లైన్ మామా?" అనేది. ఆయన చెప్పగానే, ఇటూ అటూ చూడకుండా, అసలు చూడటానికి మెడ తిరగదు, ఎక్కి దాటేది. ఆ ఇంట్లో తాత మాటను నిజంగా నమ్మి దాటే మనిషి ఆమె ఒక్కతే. "మా మామకు రైలు బయల్దేరతానే తెలిసిపోతాది," అని పుట్టింటివాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా నేను అక్కణ్ణుంచి లేచిపోయేదాన్ని. ఆమెకు ఎవరూ చెప్పలేదు. కొత్త కోడలి ముందు మామ లోపం మాట్లాడటం మా ఇళ్ళలో లేదు. చెప్తే అది వెంగల్ దాకా పోతుంది, పోతే తాత తలెత్తుకోలేడు.

ఆ ఏడే కట్ట వెంబడి ఇనుప స్తంభాలు పాతి పైన కరెంటు లైను లాగారు. పాత ఇంజన్లు వస్తుంటే నేల అదిరేది. అరికాళ్ళతో కూడా తెలిసేది. తాత ఇంతకాలం నెట్టుకురావడానికి అది కూడా ఒక కారణమేమో. కరెంటు ఇంజన్లు అట్లా కాదు. కొండసందు తిరిగేదాకా చప్పుడుండదు, తిరిగాక వ్యవధి ఉండదు. అవ్వకు కూడా కష్టమైంది. కూరగాయలు తరగడం తిన్నె మీదికి మార్చుకుంది, బియ్యం చెరగడం అక్కడే, చివరికి తల దువ్వుకోవడం కూడా అక్కడే.

ఒకరోజు అవ్వకు జ్వరం వచ్చి లోపల పడుకుంది. సాయంత్రం నేను ఇవతల తాతకు కాస్త దూరంలో మేకకు తుమ్మకాయలు ఏరుతున్నాను. చిన్నమ్మ మోపుతో వచ్చి అడిగింది. తాత తిన్నె వైపు తిరిగాడు. ఖాళీ తిన్నె. ఆయన మళ్ళీ ఇటు తిరగడానికి కొంచెం ఆలస్యమైంది. తల వంచాడు, కళ్ళు మూశాడు, "కిలియర్" అన్నాడు. చిన్నమ్మ కట్ట ఇవతలికి దిగి ఇంకా నేల మీద నిలదొక్కుకోకముందే ఆమె వెనక రైలు వచ్చింది. ఆ గాలికి మోపు విడిపోయి గడ్డంతా మా మీద పడింది. నేను తుమ్మకాయలు వదిలేసి ఆమె దగ్గరికి పరిగెత్తాను. ఆమె మాత్రం నవ్వుతూ గడ్డి ఏరుకుంది. "మామ సరిగ్గానే చెప్పినాడు మే. నేనే మెల్లిగా నడిచినాను. ఇంగమీద బిరబిరా రావాల," అంది నాతో. తాత ఆమె వైపు చూడలేదు. ఆ పూట సంగటి ముందు కూర్చుని, ముట్టకుండానే చెయ్యి కడిగేసుకున్నాడు.

జరిగింది అమ్మకు చెప్పాను. అమ్మ నేరుగా అవ్వ మంచం దగ్గరికి పోయింది. "అత్తా, సరోజకు చెప్పేస్తా నేను. ఆ పిల్ల నిజంగానే నమ్మి వస్తా ఉండాది," అంది. అవ్వ జ్వరంలోనే లేచి కూర్చుంది. "చెప్తే ఏమైతాదో తెలుసునా? ఆయప్ప ఇంగ కట్ట కాడికి పోడు. కట్ట కాడికి పోకపోతే మంచం దిగడు. మంచం దిగకపోతే ఎన్నాళ్ళుంటాడు? నాకు రేపటికి తగ్గిపోతాది. నేనుండా గదా ఆడ." అమ్మ కూడా ఆ ఇంటి కోడలే. "మీ ఇష్టం అత్తా," అని వంటింట్లోకి వచ్చేసింది. పొయ్యి ముందు కూర్చుని నన్ను చూసి, "నువ్వు నోరు తెరిస్తివంటే చూడు," అంది. ఎప్పుడూ నన్ను అలా బెదిరించని మనిషి.

తిరుత్తణి సామికి కావళ్ళెత్తే ఆడికృత్తిక పండగ వచ్చింది. తిరుత్తణి చుట్టుపక్కల ఆ రోజు ఎవరూ ఇంట్లో ఉండరు. చిన్నాయన ఆ ఏడు కావడి మొక్కుకున్నాడు, పిల్లల కోసం. అమ్మా నాయనా అవ్వా అందరూ అతని వెంట కొండకు నడిచారు. చిన్నమ్మే పోలేదు. ఆ రోజుకు ఆమె గుడికి పోకూడని రోజులు వచ్చాయి. వంటింట్లోకీ రాకూడదు గనక పొలంలో గడ్డి కోసుకుంటానంది. ఆమెకు అన్నం పెట్టడానికి నన్ను ఉంచారు, తాత కట్ట వదిలి రానన్నాడు. బయల్దేరే ముందు అవ్వ తిన్నె మీదే చాలాసేపు తచ్చాడింది. "బండ్లు వచ్చే టయానికి నువ్వు దాటొద్దు, ఆ పిల్లనూ దాటనీయొద్దు," అని నాకు రైళ్ళ వేళలన్నీ ఒప్పజెప్పింది. పండగకు స్పెషల్ రైళ్ళు వేస్తారనీ, వాటికి మనకు తెలిసిన వేళలేవీ ఉండవనీ ఆ హడావిడిలో ఆమెకు తట్టలేదు.

మధ్యాహ్నం అన్నం తీసుకుని నేను దాటినప్పుడు తాత నోటితో ఏమీ అనలేదు, గడ్డం కదిపాడంతే. నా చెవులతో నేను విని దాటాను. చిన్నమ్మ తిన్నాక ఇద్దరం మోపు కట్టి, కట్ట దగ్గరికి వచ్చాం. మేఘం పట్టి వెలుతురు తగ్గింది. అవతల తాత నిలబడి ఉన్నాడు. "లైన్ మామా?" అంది చిన్నమ్మ. ఆయన తిన్నె వైపు చూశాడు. మమ్మల్ని చూశాడు. తల వంచలేదు, కళ్ళు మూయలేదు. చెయ్యెత్తి, "ఆడే ఉండండి. నేను చూసి చెప్తా," అన్నాడు. నా ఎరుకలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు. తుండు నడుముకు చుట్టుకుని కట్ట ఎక్కాడు. పట్టాల మధ్యన నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తిరుత్తణి వైపు చూస్తున్నాడు. పండగ జనం అటే కదా ఉన్నది, రైలు వస్తే అటునుంచే వస్తుందని అనుకున్నాడేమో. అది ఆయన వెనక నుంచి, కొండసందులోంచి, నగరి వైపు నుంచి వచ్చింది.

ఇంజన్ కూత వేసింది. చిన్నమ్మ మోపు విసిరేసింది. "మామా! వెనకాల!" అని అరిచింది. నేనూ అరిచాను, పలకడని తెలిసే అరిచాను. ఆయన అటే చూస్తూ నిలబడ్డాడు. చిన్నమ్మ మళ్ళీ అరవబోయి ఆగి, నా వైపు తిరిగింది. నా ముఖంలో ఏం కనబడిందో. "ఆయనకు వినపడదా మే?" అని అడిగింది, అంత చప్పుడులో, మామూలు గొంతుతో. రైలు మాకూ ఆయనకూ అడ్డం వచ్చేసింది. కిటికీల నిండా పసుపు బట్టలు, పూల కావడులు, గుండు చేయించుకోబోయే పిల్లలు. అందరూ హరోహరా అంటూ మాకు చేతులూపుతున్నారు. అది పోయేదాకా మేం కదల్లేదు. పోయాక కట్ట మీద ఎవరూ లేరు.

ఊరంతా తాతను పొగిడింది. కోడలికోసం, మనవరాలికోసం ప్రాణం ఇచ్చాడన్నారు. అబద్ధం కాదు. వేళ కాని వేళ స్పెషల్ రైలు వేసినవాళ్ళను తిట్టారు. చెవుల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు మా ఇంట్లో అట్లా కాదు. నా కోడలు వచ్చినవాళ్ళందరితో గుమ్మంలోనే, "మా అత్తకు చెవుడు, గట్టిగా మాట్లాడండి," అంటుంది. మనవడు వీధిలో ఆడే పిల్లలకు "పాటిక్కి కాదు కేక్కాదు" అని, అవ్వకు చెవి వినబడదని, తమిళంలో చాటాడు. నాకు ప్రతిసారీ మండిపోతుంది. ఒక ముసలిదాని గుట్టు కాపాడే ఓపిక ఈ కాలానికి లేదని తిట్టుకుంటాను. తిట్టుకున్నాక, నా మాట నమ్మి ఎవరూ రోడ్డు దాటరు కదా అని మనసు కుదుటపడుతుంది. మొన్న ఊరికి పోయినప్పుడు చూశాను, కట్ట వెంబడి గోడ కట్టారు, కింద నుంచి బాట తవ్వారు. వానాకాలం అందులో మెడలోతు నీళ్ళు నిలుస్తాయట. ఎవరూ ఎవర్నీ అడగకుండా పోతున్నారు, వస్తున్నారు. అప్పుడున్న మర్యాద ఇప్పుడు లేదు. ఆ మర్యాద ఎంత పని చేయగలదో చూసినదాన్ని గనక, లేదని ఏడవలేను.

కర్మాంతరాలు ముగిసి, చుట్టాలు వెళ్ళిపోయిన పూట నాకు బాగా గుర్తు. నాయనా, చిన్నాయనా, నేనూ ఆకుల ముందు కూర్చున్నాం. అవ్వ స్తంభానికి ఆనుకుని ఉంది, అమ్మ పొయ్యి దగ్గర. చిన్నమ్మ వడ్డిస్తోంది. ఆ రోజు నుంచి ఆమె సరిగా మాట్లాడలేదు; భయపడిందిలే అనుకున్నాం. అన్నం వడ్డించి, చారు గిన్నె తీసుకుని, "అత్తా, మామకు వినపడదని మీకు తెలుసునా?" అని అడిగింది. అవ్వ నేల చూస్తూ, "తెలుసు," అంది. "అక్కా, నీకు?" అమ్మ పొయ్యి మీదినుంచి తల తిప్పకుండా ఊఁ కొట్టింది. నాయన ఆకులోంచి చెయ్యి తీసేశాడు. చిన్నమ్మ చిన్నాయన ముందుకు వచ్చి నిలబడింది. అతన్ని అడగలేదు. అతనే అన్నాడు.

"అమ్మ తిన్నె మీద ఉంటాది గదా అనుకుంటి, సరోజా. నీకేం కాదులే అనుకుంటి."

"ఆ దినం అమ్మను కొండకు పిల్చుకుపోయింది నువ్వే గదా."

చిన్నాయన అన్నంలో చారుకు గుంట చేశాడు.

"ఎద్దులు తోలే ఆయప్పకు తెలుసు. పాలు పోసే ఆయమ్మకు తెలుసు. ఈ పిల్లకు తెలుసు. నన్ను మీ ఇంటి మనిషి అనుకునుంటే నాకూ చెప్పుందురు," అంది చిన్నమ్మ. గొంతు పెంచలేదు. వంగి చిన్నాయన ఆకులో చారు పోసింది. పోస్తూనే ఉంది. చారు ఆకు దాటి, నేల మీద పారి, అతని పంచె తడిసేదాకా పోసింది. అతను చాలనలేదు, మేమెవరమూ ఆమె చెయ్యి పట్టుకోలేదు.